ఉద్దెర పుస్తకంలో ఉష్ణగతిశాస్త్రం

చలి గట్టిగానే ఉంది, మంట దగ్గరికి జరగండి. వేడి గురించే ఒక ముచ్చట చెప్తాను.

మా కాగజ్‌నగర్‌కు పేరు తెచ్చింది కాగితం, ఆ కాగితాన్ని చేసేది ఆవిరి. వెదురు ముక్కల్ని మందునీళ్ళతో డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో పోసి మరిగే నీళ్ళకన్నా చాలా ఎక్కువ వేడిలో ఉడికిస్తే గుజ్జవుతుంది. దాన్ని పలుచగా పరిచి, నీరు పిండి, ఆవిరితో కాలే ఇనుప రోలర్ల మీదుగా పోనిస్తే కాగితమై చుట్టుకుంటుంది. ఇట్లాంటి ఊళ్ళో ఉంటే, వేడి లెక్కలు మనుషులకూ పనికొస్తాయా అన్న ప్రశ్న ఊరికే పోదు.

అసలు ఆ లెక్కల దారి మనుషుల దగ్గరే మొదలైంది. బెల్జియంలో గణాంకవేత్త కెత్లే 1835లో పెళ్ళిళ్ళు, నేరాలు, చావుల లెక్కలు ముందేసుకున్నాడు. ఒక్క మనిషి ఏం చేస్తాడో చెప్పలేం గానీ, వేలమందిని కలిపి చూస్తే ఏటా ఇంచుమించు అవే అంకెలు వస్తాయని చూపాడు. ఆ ఆలోచన ఖగోళశాస్త్రవేత్త హెర్షెల్ వ్యాసం ద్వారా భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్‌కు చేరింది. వేడి అంటే అణువుల కదలికే కదా. 1860లో ఆయన వాయువులోని అణువుల వేగాలను ఆ తరహాలోనే లెక్కగట్టాడు.

2000లో అమెరికాలో ద్రగులెస్కు, యాకొవెంకో అనే భౌతికశాస్త్రవేత్తలు ఆ లెక్కను మళ్ళీ మన బజారుకు తెచ్చారు. అందరి చేతికీ సమానంగా డబ్బిచ్చి, ఎవరికి ఎవరు ఎదురైతే వారితో ఇచ్చిపుచ్చుకోమనండి. ఎవరూ మోసం చెయ్యరు, ఎవరూ సోమరులు కారు. అయినా కొంతసేపటికి ఎక్కువమంది దగ్గర కొంచెం, కొద్దిమంది దగ్గర చాలా మిగులుతుంది. పేదవాడి పేదరికానికి వాడి గుణమే కారణం అనేవాళ్ళు ఈ ఒక్క ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి. అదే ఏడాది కోల్‌కతాలో బికాస్ చక్రవర్తి, అనిర్బన్ చక్రవర్తి ఇంకో మాట కలిపారు. ప్రతివాడూ చేతిలో ఉన్నదాంట్లో కొంత దాచుకుంటే, వట్టి చేతులవాళ్ళు తగ్గి మధ్యస్థంగా ఉన్నవాళ్ళు పెరుగుతారని తేలింది. నాకు చాలా ఇష్టమైన ఫలితం ఇది.

అప్పునూ ద్రగులెస్కు, యాకొవెంకో లెక్కలోకి తీసుకున్నారు. అప్పుకు హద్దు పెంచితే మనుషుల మధ్య తేడాలూ పెరుగుతాయి. కానీ ఆ అప్పులో ఇచ్చేవాడికి తీసుకునేవాడు ఎవరో తెలియదు. మా ఊళ్ళో అట్లా కాదు.

2014లో మా ఊరి సిర్పూర్ పేపర్ మిల్లు ఆగింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చేదాకా జీతం లేదు. బయటి నుంచి వేడి అందకపోతే వేడి వస్తువు ఏదైనా చుట్టుపక్కల ఉన్నంత చల్లదనానికి చల్లారుతుందని ఉష్ణగతిశాస్త్రపు రెండో సూత్రం చెప్తుంది. చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి, పనుల కోసం జనం చెదిరిపోయారు. ఇక్కడిదాకా సూత్రం నిజమే.

మిగిలినవాళ్ళ సంగతే వేరు. కిరాణా కొట్టులో ఎర్రగుడ్డ అట్ట ఉద్దెర పుస్తకం తెరిచి చూడండి. పేరు, పక్కన డిపార్ట్‌మెంటు: బాయిలర్, మెషిన్ హౌస్, ఫినిషింగ్. కింద బియ్యం, కందిపప్పు, సబ్బు. మిల్లు మళ్ళీ తిరుగుతుందని ఎవరూ మాట ఇవ్వని రోజుల్లోనూ ఆ పేజీల్లో రాతలు పడ్డాయి. దుకాణదారుకు ఆ మనిషి తెలుసు, వాళ్ళ నాన్న తెలుసు, మునుపు బాకీ తీర్చిన తీరూ తెలుసు. అణువుకు గతం లేదు, నిరీక్షణ లేదు.

అందుకే మనుషుల మీద ఈ లెక్కలు చేసే పరిశోధకులు ఒకసారి ఇటు రావాలి. ఆ నాలుగేళ్ళ పుస్తకాలు చెదలు పట్టకముందే చదవాలి. ఎవరి పేజీ ఎప్పుడు మూశారో, ఎవరిది ఎందుకు తెరిచే ఉంచారో దుకాణదార్లనే అడిగి రాసుకోవాలి.