శామీర్‌పేట దారిలో

మొన్న మేము సంఘములోని ఒక తల్లికి తోడుగా మేడ్చల్ నుండి శామీర్‌పేట వైపు వెళ్లాము. 2020 అక్టోబరు 29న ‘ధరణి’ ప్రారంభమైన మూడుచింతలపల్లి ఈ ప్రాంతములోనిదే. 2025లో దాని స్థానములో ‘భూభారతి’ వచ్చింది. టీకొట్టు దగ్గర ఏ ప్రభుత్వము మేలన్న వాదన జరుగుచున్నది. ఎవరు ఏలినా పేదవాని పొలము కాగితము వానికి అందాలన్నదే మా అభిప్రాయము.

కార్యాలయములో కంప్యూటరు మూడుసార్లు నిలిచిపోయింది. ఇంతలో దుబాయి నుండి ఆమె కుమారుడు ఫోను చేశాడు.

“నాయనా, అక్కడ భద్రమేనా?”

“నాకేమీ భయము లేదమ్మా. మన పొలము భద్రమేనా?”

ఆమె జవాబు చెప్పలేక కంప్యూటరు వైపు చూచింది.

కాగితము లేకుండానే చెరువు గట్టు మీదుగా తిరిగి వచ్చాము. సోమవారము మరల వెళ్తాము. ఇట్టి తల్లి మీ ఊరిలో ఉంటే, మీరును తోడు వెళ్లండి.