నీళ్ల రంగు జాకెట్టు ముక్క

ట్యూబులైటు కింద రంగు సరిగా తెలియదు. అందుకే ఆ పెద్దాయన చీర కొంగు పట్టుకుని కొట్టు మెట్లు దిగి ఎండలోకి వచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. కొంగు చివరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ వాల్చి చూశాడు. నెమలికంఠం రంగు చీర. ఎండ తగిలిన మడతలో నీలం తేలింది, వెనక మడతలో పచ్చ. "పడుగు నీలం, పేక పచ్చ. నీలం ముక్క వేస్తే చీర వెలవెలబోతుంది. పచ్చది వేస్తే జాకెట్టు ఒక్కటే కనబడుతుంది. రెంటికీ మధ్యది ఒకటుందమ్మా, ఉండు" అంటూ లోపలికి వెళ్లాడు. గోడ నిండా అరలు, అరల నిండా తానులు. ఆయన వెతకలేదు. నేరుగా చెయ్యి చాపి అడుగు వరసలోంచి ఒక తాను లాగి చీర మీద పరిచాడు. చీర తెచ్చిన ఆవిడ మారు మాట్లాడకుండా తలూపింది.

తెనాలి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి చీలే ఒక సందులో ఉందీ మ్యాచింగ్ సెంటర్. సంక్రాంతి సంచికకి బజారు సందడి మీద సరదాగా ఏదైనా రాయమని మా ఎడిటర్‌గారు పంపారు. బోస్ రోడ్డు, గాంధీ చౌక్, బంగారం కొట్లు, బెల్లం జిలేబీ, అన్నీ ఒక చుట్టు చుట్టి రమ్మని ఆయన ఉద్దేశం. నేను ఈ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ చేతులు చూశాక మిగతా బజారంతా ఇక్కడ కూర్చునే చూడాలనిపించింది.

ఆ చేతుల గురించి కాస్త చెప్పాలి. కుడిచేతి బొటనవేలి పక్కన కత్తెర పిడి ఒరిసి ఒరిసి కాయ కాసింది. తానును బల్ల మీద వేసి ఒక్క తోపు తోస్తే అది దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా కావలసినంత దూరంలో ఆగుతుంది. ఇనుప మీటరు బద్దను గుడ్డ అంచుకు ఆనించి, ఎనభై సెంటీమీటర్ల దగ్గర గోటితో నొక్కుతాడు. ఆ నొక్కు దాటి ఇంకో రెండు వేళ్లు జరిపి కత్తెర పెడతాడు. ఆ రెండు వేళ్లూ కొసరు. కత్తెరతో అంచు మాత్రం కొంచెం కత్తిరించి, రెండు చేతులతో పట్టుకుని లాగితే రూబియా గుడ్డ చర్రుమని దారం వెంట తిన్నగా చిరుగుతుంది. తిన్నగా చిరగకపోతే నేతలోనే వంకర ఉన్నట్టట. ఆ తాను తిరిగి అరలోకి పోదు, పంపినవాళ్లకే వాపసు పోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆయన చూపు గుడ్డ మీద లేదు, వచ్చినావిడ మొహం మీద ఉంది. "అమ్మాయి పండక్కి వస్తోందా?" అని అడుగుతున్నాడు. "ఈసారి అల్లుడికి సెలవు దొరికిందా?"

కొట్టు ముందు ఒక చెక్క బల్ల ఉంది. దాని కాలికి సైకిలు గొలుసు చుట్టి కిటికీ ఊచకు తాళం వేశారు. బల్లకి తాళం ఏమిటని అడిగితే పెద్దాయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. "భోగి వస్తోంది కదండీ!"

మన ఊళ్లలో పెరిగినవాళ్లకి ఇంకా విడమరచి చెప్పనక్కర్లేదు. భోగి మంటకి కొన్న కట్టెలు వేస్తే కుర్రాళ్లకి తృప్తి ఉండదు. అంతకుముందు రాత్రి ఎవరింటి విరిగిన తలుపు, ఎవరి దొడ్డి తడిక, ఏ కొట్టు ముందున్న బల్ల దొరికితే అది ఎత్తుకొచ్చి దాచాల్సిందే. ఈ సందులో బల్లలు పోయేవి, దొరికేవి. కాలిపోయినవి తక్కువ. ఎత్తుకెళ్లిన పిల్లలే తెల్లారి కొట్టు యజమానిని మంట దగ్గరికి పిలిచి, బల్ల చూపించి, పిల్లలందరికీ టిఫిను ఖర్చు ఇస్తావా లేక నిప్పులో వెయ్యమంటావా అని బేరం పెట్టేవాళ్లట. ఈ పెద్దాయన ఒకసారి టిఫినుకి ఒప్పుకోకపోతే, బల్ల కాలలేదు కానీ పక్క వీధి మంగలి షాపు బోర్డు తెచ్చి ఈ కొట్టుకి తగిలించారు. ఈ కొట్టు బోర్డు ఆ షాపుకెక్కింది. పండగ రోజు క్షవరం చేయించుకుందామని వచ్చినాయన లోపల జాకెట్టు ముక్కలు చూసి నిలబడిపోయిన వైనం చెబుతూ, ఎదురుగా మిషను కుట్టుకుంటున్న టైలరు కళ్లు తుడుచుకున్నాడు. ఆ బోర్డులు మార్చిన జట్టులో తనూ ఉన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు. పెద్దాయనకి ఆ సంగతి ఆ రోజే తెలుసు.

వీధంతా ఇలాంటి ఆటలే. ఏప్రిల్ ఒకటిన బంగాళాదుంప సగానికి కోసి, అక్షరాలు తిరగేసి చెక్కి, సిరాలో ముంచి వచ్చేపోయేవాళ్ల చొక్కా వీపు మీద అచ్చు వేయడం. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు రూపాయి బిళ్లను రోడ్డుకి అతికించి, వంగినవాళ్లని లెక్కపెట్టడం. వినాయక చవితి చంద్రుణ్ని చూసి నీలాపనింద వస్తుందని భయపడ్డవాళ్లు, తిట్లు తింటే దోషం పోతుందని, కొట్ల రేకుల మీద రాళ్లు వేసి పరిగెత్తడం. తిట్టడానికి ఒప్పుకునే కొట్టువాళ్లు ఉండాలి కదా దానికి. ఈ సందులో ఆ పని చీపుర్లూ చాటలూ అమ్మే ఒక ముసలావిడ ఎంతో శ్రద్ధగా చేసేదని చెప్పారు.

అన్నింటిలోకీ నాకు నచ్చింది కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి పెట్టే పరీక్ష. చేరిన రోజు, బేరాలు కాస్త తగ్గాక, యజమాని ఎంతో గంభీరంగా "ఒరేయ్, నీళ్ల రంగు జాకెట్టు ముక్క అయిపోయింది, మూడో కొట్టులో అడిగి పట్రా" అంటాడు. మూడో కొట్టాయన కూడా అంతే గంభీరంగా అరలన్నీ చూసి, "నిన్ననే అయిపోయిందిరా, లంగాల కొట్టులో ఉంటుంది" అంటాడు. లంగాల కొట్టు నుంచి గాజుల కొట్టుకి, అక్కణ్నుంచి దారాల కొట్టుకి, అక్కణ్నుంచి టైలరు దగ్గరికి. టైలరు గుండ్రటి మీటరు బద్ద కూడా తెమ్మని ఇంకోవైపు పంపుతాడు. కుర్రాడు చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి సందంతా గుమ్మాల్లో నిలబడి ఉంటుంది. ఎవరో ఒకరు సోడా కొట్టి ఇస్తారు. పెద్దాయన తన పదమూడో ఏట ఇదే పరీక్ష పాసయ్యాడు. "ఆ సాయంత్రానికి బజార్లో నా పేరు తెలియనివాళ్లు లేరండీ. ఎవరు ఏం అమ్ముతారో నాకూ తెలిసిపోయింది" అన్నాడు.

ఆయన నవ్వుతూ అన్నమాటే అయినా నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఆ కుర్రాణ్ని ఏడిపించలేదు ఎవరూ. బజారే వాణ్ని కొట్టు కొట్టుకీ తిప్పి పరిచయం చేసుకుంది. రేపు వాడు ఎవరి కొట్టు ముందైనా స్పృహ తప్పి పడితే ఎవరి తాలూకో, ఎక్కడ దింపాలో అందరికీ తెలుసు. ఒకళ్లనొకళ్లు ఎరిగినచోటే వేళాకోళం నడుస్తుంది. ఎరిగినచోటే అప్పు కూడా నడుస్తుంది. ఈ కొట్టులో బల్ల సొరుగులో ఒక ఖాతా పుస్తకం ఉంది. కొల్లిపర, వేమూరు, అమృతలూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు ఏడాది పొడుగునా తీసుకున్న ఫాల్సు, లైనింగు, లంగాల లెక్క అందులో ఉంటుంది. వరి కోతలయ్యాక ధాన్యం డబ్బు చేతికి వస్తే సంక్రాంతికి ఆ పద్దులు కొట్టేస్తారు. ఆ రాతలో పేర్లున్నాయి, ఇంటిపేర్లు లేవు. 'నల్లద్దాల మాస్టారి భార్య' అని ఒకచోట ఉంది.

ఇప్పుడు మంగలి షాపు బోర్డు ఎవరూ మార్చలేరు. ఇనుప చట్రానికి బిగించిన ఫ్లెక్సులు, లోపల దీపాలు, పైన కెమెరాలు. బల్ల ఎత్తుకెళితే కేసవుతుందేమోనని కుర్రాళ్ల తల్లులు భయపడుతున్నారు. రోడ్డుకి అతికించే రూపాయి బిళ్ల కూడా అరుదైపోయింది. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర మాట్లాడటం తగ్గిపోయి, కొట్టు బల్ల మీద పెట్టె మాట్లాడుతోంది. దాన్ని ఎందుకు పెట్టించుకున్నాడో పెద్దాయన చెప్పాడు. ఎవరో కుర్రాళ్లు డబ్బు పంపినట్టు ఫోనులో దొంగ బొమ్మ చూపించి, పట్టు జాకెట్టు ముక్కలు పట్టుకుపోయారు. దొంగ బొమ్మలు చూపించే యాప్‌లు ఊరూరా ఉన్నాయని అందరం వింటున్నదే. ఆయనకి పోయిన డబ్బు కంటే, వాళ్లు తెల్లారి బేరానికి రాలేదన్నది బాధ. ఎగతాళి చేసినవాడు మర్నాడు మొహం చూపించేవాడు. మొహం దాచుకునేది దొంగతనం. ఈ రెంటికీ తేడా తెలియని తరం తయారవుతోందని కోప్పడేవాళ్లకి నాదొకటే జవాబు: ఆ తేడా నేర్పే చోటు ఇలాంటి సందే. దాన్ని మనం ఎండబెడుతున్నాం.

ఊరికి ఈ బజారంటే కొనుక్కునే చోటు మాత్రమే కాదు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురిని పొట్టనపెట్టుకున్నది ఈ ఊరి నడిబొడ్డునే. ఆ చోటు ఇప్పుడు రణరంగ చౌక్. వాళ్ల స్తూపాల పక్క నుంచే జనం సంచులు పట్టుకుని నడుస్తుంటారు. 'పాండురంగ మాహాత్మ్యం' రాసిన కవిని వికటకవిగానే ఎక్కువ తలుచుకునే ఊరు ఇది. కోపం వచ్చినా నవ్వొచ్చినా తెనాలి జనం ఇంట్లో కూర్చోలేదు, బజారుకే వచ్చారు.

మెయిన్ రోడ్డు మీద పెద్ద షోరూమ్ ఒకటి చూసి వచ్చాను. పేరు అనవసరం, అన్ని ఊళ్లలోనూ ఒకలాంటివే. సినిమా తార నిలువెత్తు బొమ్మ, అద్దాల తలుపు, చల్లటి గాలి. బాగుంది, కాదనను. పల్లె నుంచి ఎండలో వచ్చిన ఆడమనిషికి ఆ చల్లదనం, లోపల శుభ్రమైన మరుగుదొడ్డి నిజమైన సుఖం. అందుకే అక్కడికి వెళతారు, వెళ్లినవాళ్లని నేను తప్పుపట్టను. కానీ అక్కడ చీరల విభాగంలో ఒక అమ్మాయి గోడకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం పైకెత్తి మడమ నొక్కుకుంటోంది. పొద్దున్నుంచీ కూర్చోలేదట. కూర్చోవడానికి స్టూలు లేదు. పక్కనున్న పిల్లతో గొంతు తగ్గించి, "నీళ్లు తాగడం మానేశానే, పదే పదే పైకి వెళితే సూపర్‌వైజర్ రాసుకుంటున్నాడు" అంది. ఆ మాట నా చెవిన పడ్డాక ఆ చల్లటి గాలి ఇక సుఖంగా అనిపించలేదు.

కోళికోడ్ మిఠాయి వీధిలో బట్టల కొట్ల ఆడపిల్లలు ఈ కూర్చునే హక్కు కోసమే పోరాడారు. కేరళ 2018లో చట్టం సవరించింది. తమిళనాడు 2021లో ఆ దారి పట్టింది. మన పాత బట్టల కొట్లలో తెల్ల పరుపు మీద యజమాని, గుమాస్తా, కొనేవాళ్లు అందరూ ఒకే ఎత్తున కూర్చునేవాళ్లు. గుమాస్తా జీతం తక్కువే, చాకిరీ ఎక్కువే, ఆ రోజులేమీ స్వర్గం కావు. కానీ మనిషిని పన్నెండు గంటలు నిలబెట్టడం వ్యాపార మర్యాద అని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఈ ఊళ్లో ప్రతి షోరూమ్‌లోనూ ప్రతి అమ్మాయి వెనకా ఒక స్టూలు ఉండాలి. కార్మిక శాఖ వాళ్లు పండగ రద్దీలో వచ్చి చూడాలి.

ఇటు సందు సంగతి చూస్తే కాలువ పొంగి మెట్ల దాకా వచ్చింది. బండి పెట్టడానికి జాగా లేదు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఎక్కడా లేదు, ఈ కొట్లలో పనిచేసే ఆడవాళ్లు ఎవరింటికో వెళ్లి అడుక్కోవాలి. పురపాలకులు పన్ను వసూలులో చూపే శ్రద్ధలో పావు వంతు ఇక్కడ చూపిస్తే ఈ సందు ఏ షోరూమ్‌కీ తీసిపోదు. ఎందుకంటే షోరూమ్ అమ్మిన చీరలు జాకెట్టు కోసం చివరికి వచ్చేది ఈ సందుకే. ఫోనులో తెప్పించుకున్న చీరలూ ఇక్కడికే వస్తాయి. ఫోను తెర మీద గంధం రంగులా కనబడ్డది ఇంటికొచ్చాక ఉల్లిపొట్టు రంగయితే, దాన్ని ఎండలోకి తీసుకెళ్లి చూసే కళ్లు ఇక్కడే ఉన్నాయి. ఆ కళ్లు ఎవరికి అప్పజెప్పాలో పెద్దాయనకి తెలియడం లేదు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పనిలోకి కుర్రాడు దొరికి ఏళ్లయింది. నీళ్ల రంగు ముక్క కోసం పంపడానికి మనిషి లేడు.

నెమలికంఠం చీర ఆవిడ ముక్క సంచిలో పెట్టుకుని ఎదురుగా టైలరు దగ్గరికి వెళ్లింది.

"భోగికి కావాలన్నయ్యా."

"కనుమ వెళ్లాక చూద్దామమ్మా. ఇదిగో ఈ గుట్టంతా పండగదే."

ఆవిడ వెనక్కి తిరిగి ఇటు చూసింది. పెద్దాయన బద్ద కింద పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. "ఒరేయ్, వాళ్ల అమ్మాయి కొత్తల్లుడితో వస్తోందిరా. ఆ బోర్డులు మార్చిన కేసు ఇంకా మాఫీ చెయ్యలేదు నేను."

టైలరు మిషను ఆపి, టేపు మెళ్లో వేసుకుని, ఆవిడ చేతిలోంచి కొలత జాకెట్టు అందుకున్నాడు. "భోగి ముందు రోజు దీపాలు పెట్టే వేళకి రండి. చేతులు పొడవా, మోచేతి దాకానా?"