రేకు క్రింద కొయ్య

అమెరికా దేశములో చాలా ఇండ్ల ముందు పికప్ అని పిలిచే చిన్న ట్రక్కులు కనబడతాయి. ముందు క్యాబిన్, వెనుక సరుకు వేసుకొనే తొట్టి. ఆ తొట్టిలో ఒక చిన్న గదిని అమర్చుకొని, అందులోనే వండుకొంటూ, పండుకొంటూ దూరప్రయాణములు చేస్తారు. దానిని ట్రక్ క్యాంపర్ అంటారు. తిరిగి వచ్చాక గదిని జాకీలతో పైకి లేపి ట్రక్కును క్రిందనుండి నడిపించుకొని పోతారు. గది పెరటిలో నిలిచి ఉంటుంది, ట్రక్కు పనికి పోతుంది. మంచము కొరకు గది పైభాగమును క్యాబిన్ మీదికి చాచి కడతారు. మన ఇంటి అటకవంటిది అనుకొనండి.

జాన్ స్టెయిన్‌బెక్ అనే గొప్ప రచయిత 1960లో ఇటువంటి బండిలోనే, తన కుక్కను వెంటబెట్టుకొని దేశము చుట్టి వచ్చి, 1962లో దానిని గూర్చి పుస్తకము వ్రాశారు. నోబెల్ బహుమతి వచ్చినదీ ఆ సంవత్సరమే. ఆ బండిని కాలిఫోర్నియాలోని సాలినాస్ పట్టణములో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంచారు. ఆ రోజుల క్యాంపర్లను కొందరు ఇప్పుడు ఊడదీసి, మరల కట్టుకొంటున్నారు. 2023 వేసవిలో మిషిగన్ రాష్ట్రములో ఉన్న నా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, ప్రక్క ఇంటి పెద్దాయన ఆ పనిలోనే ఉన్నారు. వయస్సు 76 సంవత్సరములు. కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు చేసి రిటైరయినవారు. వారి క్యాంపరు 1969 నాటిది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగులను చూచినవారికి ఈ పని వింతగా ఉండదు. లోపల సన్నని కొయ్యచట్రము, దానిమీద బయటివైపు అల్యూమినియం రేకు, లోపలివైపు పలుచని ప్లైవుడ్. అల్యూమినియం ఇనుమువలె త్రుప్పుపట్టదు గనుక యాభై ఏండ్లయినా బయటికి బాగానే కనబడుతుంది. ఆయన క్యాంపరును బయటనుండి చూచి, దీనికేమి లోటని అడిగాను. ఆయన మాట్లాడక ఒక స్క్రూడ్రైవర్ తీసి, మంచమునకు ముందరి మూలలో లోపలినుండి ఒత్తారు. పాలలో ముంచిన రస్కులోనికి దిగినట్టు దిగిపోయింది.

నీరు పెద్ద కన్నములోనుండి రాలేదు. పైకప్పు అంచున రెండు రేకులు కలిసే చోట పెట్టిన పుట్టీ ఎండి, వెంట్రుకంత సందు విడిచింది. ముందువైపు బిగించిన చిన్న దీపముల స్క్రూ కన్నములు మరికొంత నీటికి దారి ఇచ్చాయి. మంచు, వాన, మరల మంచు. ఆ దేశములో చాలా క్యాంపర్లకు మొదట పోయేది ఆ పడక భాగమేనట.

పైన మరొక పొర పుట్టీ పూసి, వెండిరంగు వేస్తే ఏ కొనుగోలుదారుకీ తెలియదు. అలా చేసి అమ్మేవారూ ఉన్నారు. ఈయన మాత్రము మూలల పట్టీలు విప్పి, రేకులను ఒక్కొక్కటిగా ఊడదీసి, వెనుక అంకెలు వేసి వరుసగా పెట్టుకొన్నారు. కుళ్ళిన కొయ్యను వెంటనే పారవేయలేదు. దానిని క్రొత్త కొయ్యమీద పరచి, పెన్సిలుతో గీత గీచి, ఆ కొలతకే కోశారు. పూర్వము పిన్నులు కొట్టి వదిలిన చోట జిగురు పూసి స్క్రూలు బిగించారు. రేకుల మధ్య మెత్తని బ్యూటైల్ టేపు పరచారు. తరువాత కప్పుమీద గొట్టముతో చాలాసేపు నీళ్ళు పట్టి, లోపల టార్చిలైటుతో మూలమూలలా వెదకారు.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటికి పుట్టే కుష్ఠుపొడను గూర్చిన ఆజ్ఞ ఉంది కదా. చెడిన రాళ్ళను ఊడదీయాలి, గోడలను లోపల గీయించాలి, వేరే రాళ్ళు చేర్చి క్రొత్త అడుసు పూయాలి. అయితే యాజకుడు వచ్చి చూడకముందే ఇల్లు ఖాళీ చేయించాలని కూడా అక్కడ ఉంది. లేకపోతే లోపలి సామానంతా అపవిత్రమైపోతుంది. ఆ బీదవాని కుండలూ పరుపులూ దక్కాలని దేవునికి ఎంత శ్రద్ధయో అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

పెద్దాయన కూడా మొదట సామాను ఖాళీ చేశారు. అయితే దానికి ముందు ప్రతి సొరుగును ఫోటో తీశారు. ఎందుకో నాకు మొదట అర్థము కాలేదు. కొయ్య ఎలాగూ మార్చుతున్నారు, కుమారుడు క్రొత్త క్యాంపరే కొనిస్తానంటున్నాడు, ఈ వయస్సులో ఈ శ్రమ ఎందుకని అడిగాను. నా ఇంగ్లీషు చాలక మేనల్లుడు అందుకొన్నాడు. జవాబు విని వాడు కొంచెము ఆగి, "మామయ్యా, ఆంటీకి మతిమరుపు జబ్బట. హోటల్లో పడుకోబెడితే రాత్రంతా భయపడుతున్నారట. ఇందులో అయితే ఏది ఎక్కడుందో ఆమె చేతులకు తెలుసట" అన్నాడు.

పిల్లలు చిన్నవారై ఉన్నప్పటినుండి ప్రతి వేసవిలో ఆ తల్లి అందులో వండిపెట్టింది. గనుక సొరుగులు అవే, కొక్కెములు అవే. ఒక కొక్కెము వంకరగా ఉంటే వంకరగానే బిగించారు. మార్చినది ఒక్కటే. ఆమె గ్యాసు త్రిప్పి మరచిపోవచ్చునని, పొయ్యికి వెళ్ళే గొట్టమును తీసివేసి, సిలిండరు వైపు మూత బిగించి, సబ్బునీళ్ళు పూసి బుడగలు రావడము లేదని చూచుకొన్నారు. పొయ్యి బొత్తాములు మాత్రము యథాస్థానములో ఉంచారు. ఆయన వంట బయట వేరే పొయ్యిమీద. ఇది ఆమెను మోసగించుట కాదా అని నాలో నేను తర్కించుకొన్నాను. కాదనే ఇప్పటికీ నాకు తోచుతున్నది.

ఇది వ్రాయుటకు కారణము మన ఊళ్ళే. అన్నదమ్ములు తల్లిని వంతులు వేసుకొనుట మన సంఘములలో సాధారణమే. నెల పెద్దవాని ఇంట, నెల చిన్నవాని ఇంట. కూడు పెట్టుటలో లోపము ఉండకపోవచ్చును. అయితే మతి తప్పుచున్న ముసలమ్మకు ప్రతి నెలా తలుపు మారుతుంది, మంచము దిక్కు మారుతుంది, దొడ్డికి దారి మారుతుంది. రాత్రి లేచి గోడ తడుముకొంటుంటే "చాదస్తము" అంటాము. చూచుటకు వెళ్ళి ప్రార్థన చేసి వచ్చే మనము, ఆమె ట్రంకుపెట్టె ఎక్కడ ఉంది, చెంబు ఏ చేతివైపు ఉంది అని అడుగుతున్నామా? వంతులు తప్పకపోతే కుమారులే వంతులుగా వచ్చి ఆమె ఇంట పండుకొనవచ్చును. ఒక ఇంటివారికి ఈ మాట చెప్పాను. కోడళ్ళు ఇద్దరూ ఒప్పుకొన్నారు. ఒక కుమారుడు ఇంకా ఒప్పుకొనలేదు.

నేను తిరుగు ప్రయాణమగుటకు రెండు రోజుల ముందు సామానంతా మరల సర్దారు. పెద్దాయన భార్య మెట్టుమీద కాలు పెట్టి, తల కొంచెము వంచి (అక్కడ కమ్మీ తక్కువ ఎత్తు) లోపలికి వెళ్ళారు. నా పేరు ఆమెకు నిలువలేదు. అయినా కూర్చోమన్నారు. రెండవ సొరుగు లాగి చెంచా తీశారు, పైన కొక్కెమునుండి కప్పు తీశారు, పొయ్యి బొత్తాము త్రిప్పి నిలుచున్నారు. పెద్దాయన గబగబా ఇంటిలోనికి పోయి, కాఫీ కెటిల్ తెచ్చి ఆమె ప్రక్కన పెట్టారు. ఆమె నాకు పోసి ఇచ్చారు.

సెప్టెంబరులో వారు సుపీరియర్ సరస్సు ఒడ్డుకు వెళ్ళారని మేనల్లుడు ఫోనులో చెప్పాడు. నాలుగు రాత్రులు ఉన్నారట. మూడు రాత్రులు ఆమె తెల్లవారేదాకా నిద్రపోయారట.