బుల్లెట్టు కడుపులో డీజిల్ ఇంజిను

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక లేత్ షాపు. నేను వెళ్లేసరికి పాత బుల్లెట్టొకటి దిమ్మల మీదికెక్కి ఉంది. ఎప్పుడో దాని పెట్రోల్ ఇంజిను పీకేసి, పంపుసెట్లకు వాడే గ్రీవ్స్ లొంబార్డిని డీజిల్ ఇంజిను బిగించారు. 325 సీసీ, 6.5 హార్స్‌పవర్. ఒకప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డే టారస్ పేరుతో డీజిల్ బండి అమ్మింది. ఇది మాత్రం ఏదో షెడ్డులో పుట్టిన సరుకు.

దీని ఛాసిస్ దెబ్బతిందన్నాడు షాపు మేస్త్రీ. అసలు పాత బుల్లెట్టు 350ది 18 హార్స్‌పవర్. అందులో మూడో వంతు బలమున్న ఇంజినుతో ఛాసిస్‌కి పేచీ ఏమిటని అడిగాను.

"బలం కాదండీ, గుద్దుడు చూడండి" అన్నాడు మేస్త్రీ. ఇలాంటి ఇంజిను గాలిని దాదాపు 18 ఇంతలు నొక్కితేగాని డీజిల్ అంటుకోదు. పాత పెట్రోల్ బుల్లెట్టుది ఏడింతల పైచిలుకే.

పైగా ఈ బుల్లెట్టు ఛాసిస్ కింద మూసుకుని ఉండదు. ముందు నుంచి దిగిన గొట్టం ఇంజిను దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి వెనక్కి కలిపేది ఇంజినే. పాత మోడళ్లలో గేర్‌బాక్సు కూడా దాని వెనకే స్టడ్లతో బిగిసి ఉంటుంది. ఆ ఇంజిను తీశామంటే బండికి ఒక ఎముక తీసినట్టే. అందుకని ఇరుపక్కలా ఇనప ప్లేట్లు కోసి, కొత్త ఇంజిన్నీ గేర్‌బాక్సునీ వాటికే బిగించి, ఆ ప్లేట్లనే ఛాసిస్‌కి రెండు వైపులా కలపాలి. హార్స్‌పవర్ అడిగేవాళ్లే గాని, ప్లేటు మందం అడిగేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

రబ్బరు బుష్షులు పెట్టొచ్చుగా అన్నాను. ఇంజినొక్కదానికే పెడితే, దాన్నుంచి గేర్‌బాక్సుకి పోయే ప్రైమరీ చైను లైను తప్పుతుందట. నిజమే. 1967లో వచ్చిన నార్టన్ కమాండోలో ఇంజిను, గేర్‌బాక్సు, స్వింగార్ము మూడింటినీ ఒక్కటిగా కట్టాకే రబ్బరు మీద కూర్చోబెట్టారు.

మేస్త్రీ లైటు వేసి చూపించాడు. బోల్టు రంధ్రాలు కోలగా సాగిపోయాయి. ముందు గొట్టం మీద, వెల్డింగు అంచునే సన్నటి చీలిక. వెల్డింగు చెక్కుచెదరలేదు, పక్కనున్న గొట్టం తెగింది. మందపాటి ప్లేటు ఆగి పల్చటి గొట్టం మొదలయ్యే చోటే వణుకంతా చేరుతుంది. ఎవరో దాని మీదే మళ్లీ మళ్లీ వెల్డింగు దిద్దారు, చీలిక ప్రతిసారీ కాస్త పక్కకి జరిగింది.

కొత్తగా ఇంజిన్లు మార్చే పని మేస్త్రీ ఒప్పుకోడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, రిజిస్ట్రేషన్ తంటాలు ఉన్నాయి. పాతవాటికి రిపేర్లు మాత్రం చేస్తాడు. ఈ గొట్టం మార్చి, ప్లేట్లు కొత్తవి వేస్తేగాని ఇంజిను స్టార్టు చేయనని ఓనరుకి ఫోన్లో చెప్పేశాడు.

"పొగ తగ్గించమంటే ఛాసిస్ మీద పడ్డావేంటి బాబాయ్!" అని అవతల్నుంచి ఒకటే గోల.