ఈ ఎముక ఏ జీవిది?

మా అమ్మీ కొన్నేళ్లుగా ఒకవైపు దవడతోనే నమిలేవారు. రెండోవైపు దంతాలు ఊడిన చోట ఎముక అరిగి పలచబడింది. ఇంప్లాంట్ నిలవాలంటే ముందు బోన్ గ్రాఫ్ట్ వేసి, ఎముక పెరిగేవరకు కొన్ని నెలలు ఆగాలని దంతవైద్యులు చెప్పారు. “ఆ పొడి దేనితో చేస్తారు బాబూ?” అని అమ్మీ అడిగారు. వైద్యులు డబ్బా తెప్పించి చదివి వినిపించారు. పొడి పశువు ఎముకది; దానిపై కప్పే పలుచని పొర పంది కొల్లాజెన్‌ది. “అయితే నాకొద్దు, ఇలాగే గడిపేస్తాను” అన్నారామె. ఆమె మాటను తోసిపుచ్చలేకపోయాం. ఆమె ఇబ్బందిని చూస్తూ ఊరుకోనూ లేకపోయాం. ఈ విషయాన్ని మొదటినుంచి తెలుసుకోవాలనుకున్నాం.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. మిగిలినదానిలో అధికభాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తి. పశువు ఎముకను వేడితోనూ రసాయనాలతోనూ శుద్ధిచేసి కొవ్వును, కణాలను, మాంసకృత్తులను తొలగిస్తారు. చివరకు సన్నని రంధ్రాలతో నిండిన ఖనిజపు చట్రం మిగులుతుంది. అది తీగకు వేసిన పందిరి వంటిది. రోగి రక్తనాళాలు ఆ రంధ్రాల్లోకి పాకుతాయి. రోగి సొంత కణాలే అక్కడ కొత్త ఎముకను నిర్మిస్తాయి.

ఈ ప్రయత్నమూ, దాని చుట్టూ ధార్మిక సందేహమూ కొత్తవి కావు. 1668లో వెలువడిన డచ్ వైద్యుడు యోబ్ వాన్ మేకరెన్ గ్రంథంలో ఒక సైనికుని పుర్రె గాయాన్ని కుక్క ఎముకతో పూడ్చిన ఉదంతం ఉంది. చర్చి అతణ్ణి వెలివేసిందనీ, ఎముక తీసివేయమని అతడు కోరేసరికి అది అతుక్కుపోయిందనీ చెబుతారు.

నేడు ఇటువంటి పదార్థం రోగిని చేరేలోపు అనేక పరీక్షలు దాటాలి. మొదట గాజు పాత్రల్లో పెంచిన కణాలపై పరీక్షిస్తారు. తరువాత కుందేలు పుర్రెలో, శరీరం తనంతట తాను పూడ్చుకోలేనంత రంధ్రం చేస్తారు. ఒక రంధ్రంలో పొడి నింపి, మరొకదాన్ని ఖాళీగా వదులుతారు. ఖాళీ రంధ్రంతో పోల్చితేనే ఆ మేలు పొడి వల్ల కలిగిందో, శరీరమే చేసుకుందో తేలుతుంది. కొన్ని వారాల తరువాత సి.టి. చిత్రాలతో, సూక్ష్మదర్శినితో కొత్త ఎముక ఎంత, మిగిలిన పొడి ఎంత అని కొలుస్తారు. 1986లో బ్రిటన్‌లో ‘మ్యాడ్ కౌ’ వ్యాధి బయటపడిన తరువాత పశువుల మూలాన్నీ శుద్ధి విధానాన్నీ మరింత కఠినంగా పరిశీలించడం మొదలైంది.

ఆ కుందేళ్లూ దైవసృష్టే. మూగజీవాల విషయంలో దైవభీతి కలిగి ఉండాలని దైవప్రవక్త (సల్లం) బోధించారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఇటువంటి ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ ఉంది. అవసరానికి మించి బాధపెట్టకపోవడం పరిశోధకుల బాధ్యత.

ఇక ధార్మిక విషయం. మా ఊరి ఆలిమ్‌గారు ఓపికగా వివరించారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పంది తప్ప ఇతర జంతువుల ఎండిన ఎముక పరిశుద్ధమే. కనుక పశువు ఎముక పొడి విషయంలో అమ్మీకి సందేహం అక్కరలేదన్నారు. పంది పదార్థం గురించి పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. స్వరూపం పూర్తిగా మారిపోతే ఆదేశమూ మారుతుందని కొందరు, మారదని కొందరు అంటారు. గత్యంతరం లేని స్థితిలో షరీఅత్ సడలింపు ఇస్తుంది. “గత్యంతరం నిజంగా లేదా అన్నది ముందు వైద్యుణ్ణి అడగండి” అన్నారాయన.

అడిగాం. మార్గాలున్నాయి. పశువుల కొల్లాజెన్‌తో చేసిన పొరలున్నాయి. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటి కృత్రిమ పొడులున్నాయి. రోగి దవడలోనే మరోచోటినుంచి ఎముక తీసి వేయవచ్చు. అయితే దానికి రెండో గాయం తప్పదు. వైద్యులు ఏమాత్రం నొచ్చుకోలేదు. పొరను మార్చి చికిత్స చేశారు. అల్‌హందులిల్లాహ్, అమ్మీ ఇప్పుడు రెండువైపులా నములుతున్నారు.

చికిత్సను కాదనుకోవడానికీ, కళ్లు మూసుకుని ఒప్పుకోవడానికీ మధ్య ఒక మార్గం ఉంది. ఇది ఏ జీవిది, ఎలా శుద్ధి చేశారు, బదులుగా ఏముంది? అంగీకార పత్రంపై సంతకం చేసేముందే ఈ మూడు ప్రశ్నలు అడగండి. పొడి గురించి అడిగి ఆగిపోకుండా, దానిపై కప్పే పొర గురించి కూడా అడగండి.