రస్కులు తిన్న రాత్రి

సినిమాల్లో భోజనాల సీన్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వడ్డించిన కంచాలు పొగలు కక్కుతుంటాయి, ముద్ద మాత్రం ఎవరి నోట్లోకీ వెళ్లదు. ఇంతలో ఫోన్ మోగుతుంది, హీరో చెయ్యి కడిగేసుకుని లేచిపోతాడు. అన్నం ముందు కూర్చున్న మనిషి మొహంలో ఎంత కథ ఉంటుందో ఈ దర్శకులకు ఎందుకు పట్టదో!

అలా విసుగెత్తినప్పుడల్లా జాక్ బెకర్ తీసిన ‘టూషే పా ఓ గ్రిస్బీ’ పెట్టుకుంటాను. 1954 నాటి నలుపు తెలుపు ఫ్రెంచి నేరచిత్రం. మాక్స్, రితోన్ పాత జోడీ. పారిస్ దగ్గర ఓర్లీ విమానాశ్రయంలో 96 కిలోల బంగారం కొట్టేశారు. ఇక ఈ బతుక్కి స్వస్తి చెప్పి సుఖపడాలని మాక్స్ ఆశ. రితోనేమో మనసుపడ్డ జోసీ దగ్గర నోరు జారాడు. ఆమె ఆ సంగతి ఆంజెలో అనే మరో ముఠా నాయకుడి చెవిన వేసింది. ఆ జోసీగా వేసింది ఝాన్ మొరో. ఆంజెలో వేషం వేసిన లీనో వెంచురా కుస్తీ గోదాలోంచి వచ్చినవాడు, ఇదే మొదటి సినిమా.

ప్రమాదం ముంచుకొస్తోందని తెలిసిన రాత్రి మాక్స్ రితోన్‌ని ఎవరికీ తెలియని తన ఫ్లాటుకి తీసుకెళ్తాడు. అరిచి గోలచేసేంత తప్పు జరిగింది. అయినా బెకర్ తొందరపడడు. మాక్స్ రస్కులు, మెత్తగా నూరిన మాంసం, వైన్ సీసా బయటికి తీస్తాడు. ఇద్దరూ కూర్చుని రస్కుల మీద కత్తితో మాంసం రాసుకుని నిజంగా తింటారు. నములుతారు, తాగుతారు, మధ్యలో మాట్లాడుకుంటారు. తరువాత మాక్స్ పైజామా, టూత్‌బ్రష్ తెచ్చిస్తాడు. పళ్లు తోముకుంటారు. రితోన్ అద్దంలో కళ్ల కింద జారిన చర్మాన్ని తడిమి చూసుకుంటాడు.

ఈ సీను చూసినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఆయన స్నేహితుడొకాయన ఎప్పుడూ ఆఖరి బస్సుకే మా ఇంటికి దిగేవాడు. అమ్మని లేపనిచ్చేవాడు కాదు నాన్న. తనే వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు చప్పుడవకుండా, మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, పక్కన మాగాయ ముక్క పెట్టి తెచ్చేవాడు. ఆయన తింటున్నంతసేపూ గోడకానుకుని కూర్చునేవాడు. ఏం మాట్లాడుకునేవారో నాకు వినబడేది కాదు. మంచం వాల్చి, దుప్పటి దులిపి పరిచి, చెంబుతో నీళ్లు తలదగ్గర పెట్టాకే లైటు ఆర్పేవాడు. అంత ఆపేక్షగా నాన్న ఇంకెవరికీ వడ్డించగా చూడలేదు.

మాక్స్ వేషం ఝాన్ గాబేన్‌ది. యుద్ధానికి ముందు ఫ్రాన్సులో ఆయనకు ఎదురులేదు, తరువాత వెలవెలబోయాడు. ఈ సినిమాతో మళ్లీ లేచి నిలబడ్డాడు. అప్పటికి దాదాపు యాభై ఏళ్లు, నెరిసిన జుట్టు, మందమైన నడుము. బెకర్ వాటిలో ఏదీ దాచలేదు. ఫోను నంబరు తిప్పడానికి మాక్స్ కళ్లజోడు పెట్టుకుంటాడు. అలాంటి మనిషి శత్రువులు రితోన్‌ని ఎత్తుకుపోతే, తిట్టుకుంటూనే బంగారమంతా ఇచ్చి విడిపించడానికి సిద్ధపడతాడు. ఎందుకని మనం అడగం. ఆ రస్కులు చూశాం కదా.

ఇంతకీ ఆ బంగారం ఎలా కొట్టేశారో సినిమాలో ఎక్కడా చూపించరు. కథ మొదలయ్యేసరికే దొంగతనం అయిపోయింది. బెకర్ సమయమంతా భోజనానికీ పడకకీ ఇచ్చాడు. నా లెక్కలో ఫ్రెంచి నేరచిత్రాల్లో దీన్ని మించింది లేదు.