లేహ్‌లో ఒక చేబదులు

లేహ్‌లో విమానం దిగి ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ తీసేస్తే కొందరికి సిగ్నల్ గీతలు వస్తాయి, కొందరికి రావు. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉన్నవాళ్ళకు వస్తాయి. మన దగ్గర కొన్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. జమ్మూకశ్మీర్‌లో కూడా అంతే. కాల్ పోదు, డేటా రాదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఓటీపీ రాదు. ఈ సంగతి తెలియక వచ్చేవాళ్ళు ప్రతి విమానంలో ఒకరిద్దరైనా ఉంటారు. నాది ఆఫీసువాళ్ళిచ్చిన పోస్ట్‌పెయిడ్. అదొక్కటే నా గొప్ప.

లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా ఒక్క పూటలో అంత ఎత్తుకు ఎగిరొస్తే ఒళ్ళు ఒప్పుకోదు. రెండు రోజులు కదలకుండా పడుకోమంటారు, నీళ్ళు తాగమంటారు. మెట్లెక్కితే మారథాన్ పరిగెత్తినట్టు ఆయాసం వస్తుంది. కాబట్టి చాంగ్‌స్పా వైపు గెస్ట్‌హౌస్‌లలో అందరూ అరుగుల మీద కూర్చుని టీ తాగుతూ కనిపిస్తారు. పనిలేని మనుషులు, ఎదురుగా మంచుకొండలు, మధ్యలో పాప్లర్ చెట్లు. పరిచయాలు పెరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

నేను మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్క కుర్చీలోంచి ఒకతను తలెత్తాడు. "బ్రో, తెలుగా?" అన్నాడు. కాకినాడ దగ్గర పల్లె. బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం, నాకన్నా రెండు మూడేళ్ళు చిన్న. మాది ఖమ్మం అన్నాను. అరగంటలో ఇద్దరం ఉప్మా గురించి, ఆఫీస్ అప్రైజల్స్ గురించి, పులస చేప గురించి మాట్లాడేసుకున్నాం. ఇల్లు దాటి రెండువేల కిలోమీటర్లు వెళ్తే పక్క జిల్లా కాకపోయినా పక్కింటివాడైపోతాడు.

మర్నాడు ఆదివారం పొద్దున అతను "బ్రో" అనలేదు. "అండీ, ఒక మాట" అన్నాడు. ఆ పిలుపు మారగానే నాకు విషయం సగం అర్థమైపోయింది.

అంతకు ముందురోజు నిమ్ము దగ్గర సింధు, జన్‌స్కార్ నదులు కలిసేచోట ఫోటో తీస్తుంటే ఫోన్ రాళ్ళ మీద పడి చచ్చిపోయిందట. గెస్ట్‌హౌస్ వాళ్ళబ్బాయి పాత ఫోన్ ఒకటి ఇచ్చాడు. కానీ కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలవ్వాలంటే మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. ఇతనిది ప్రీపెయిడ్. ఎస్సెమ్మెస్ వెళ్ళదు. వైఫై ఉంది కదా, జీమెయిల్ తెరవచ్చుగా అంటే, అది 'మీ ఇంకో ఫోన్‌లో అవును నొక్కండి' అంటోంది. ఇన్‌స్టా ఓటీపీ అడుగుతోంది. స్నేహితుల నెంబర్లు చచ్చిన ఫోన్‌లో ఉన్నాయి. అతనికి నోటికి వచ్చినవి రెండే నెంబర్లు: తనది, వాళ్ళ నాన్నది. నాన్నకేమో ఆఫీస్ పని మీద పుణె వెళ్తున్నానని చెప్పొచ్చాడు. డెబిట్ కార్డు? "యూపీఐ ఉంది కదా అని రూంలో వదిలేశానండి."

ఎనిమిది వేలు కావాలన్నాడు.

నేనిక్కడ ఒక విషయం చెప్పాలి. ముందురోజు సాయంత్రం లేహ్ మెయిన్ బజార్‌లో ఒక పెద్దమనిషి హిందీలో ఆపి, పర్సు పోయింది, ఐదొందలు సాయం చేయమన్నాడు. రెండు సెకన్లలో తల అడ్డంగా ఊపి నడిచిపోయాను. ఆయన కథ ఇతని కథకన్నా నమ్మలేనిదేమీ కాదు. ఈయన పులస చేప గురించి మాట్లాడాడు, ఆయన మాట్లాడలేదు. అంతే తేడా.

నావయసు వాళ్ళకి ఇదొక కొత్త ఇబ్బంది. యూపీఐ వచ్చింది 2016లో. నోట్ల రద్దు కూడా ఆ ఏడాదే, నవంబర్‌లో. మేం సంపాదన మొదలుపెట్టేసరికి డబ్బు ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. ఎవరైనా అప్పడిగితే నెంబర్ చూస్తాం, పేరు వచ్చిందా చూస్తాం, లింక్డిన్‌లో వెతుకుతాం. మా తాత మిర్చి రైతు. ఆయన దగ్గర ఇవేవీ లేవు. పెద్ద మొత్తమైతే ప్రామిసరీ నోటు, రెవెన్యూ స్టాంపు, సాక్షి సంతకం. మూడేళ్ళు దాటితే నోటుకు కాలం చెల్లుతుందని, ఆలోపు తిరగరాయించుకోవాలని ఆయనకు కంఠతా వచ్చు. చిన్న మొత్తమైతే చేబదులు. నోటుండదు, వడ్డీ ఉండదు, చేతిలోంచి చేతిలోకి. చేబదులు ఇచ్చేముందు మా తాత అడిగే ప్రశ్న ఒకటే: "ఏ రోజు ఇస్తావురా?" జవాబు కన్నా, జవాబు చెప్పేటప్పటి ముఖం చూసేవాడట.

నేను ముఖాలు చదవలేను. బగ్స్ వెతకడం వచ్చు. అందుకని అతని సమస్యనే టికెట్‌లా తీసుకున్నాను. నా డబ్బు అక్కర్లేకుండా ఇతని పని అయ్యే దారి ఉందా?

ఉంది. ఆధార్‌తో వేలిముద్ర వేసి బ్యాంకు డబ్బు తీసుకునే పద్ధతి. ఊళ్ళల్లో మన అమ్మమ్మలు బ్యాంక్ మిత్ర దగ్గర పింఛను తీసుకునేది దీంతోనే. ఓటీపీ వద్దు, ఫోనే వద్దు. ఖాతాకి ఆధార్ కలిసుంటే చాలు. పోస్టాఫీసుల్లో కూడా ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు అతని ముఖం చూశాను. డబ్బు కొట్టేద్దామని వచ్చినవాడికి అక్కడ చిరాకు రావాలి, ఇంకో అడ్డంకి చెప్పాలి. ఇతను కుర్చీలోంచి లేచి, "అరె, మా మామ్మ కూడా అలాగే తీసుకుంటుంది కదండీ! రేపు పొద్దున్నే వెళ్తా" అన్నాడు. లేచిన స్పీడుకి కళ్ళు తిరిగి మళ్ళీ కూర్చున్నాడు. 11,500 అడుగులు మరి.

కానీ సోమవారం తెల్లవారుజామునే మా ఆరుగురి షేర్ ట్యాక్సీ నుబ్రా బయల్దేరాలి. నుబ్రా, తుర్‌తుక్, పాంగాంగ్, మూడు రోజులు, మనిషికి 4,500. ఒకరు తగ్గితే మిగతా ఐదుగురి మీద తలా 900 పడుతుంది. అంటే ఇతను ఆగిపోతే నా జేబుకీ చిల్లే. జాలికి లెక్కలు కలిసినప్పుడు మనిషి ఎందుకిచ్చాడో వాడికే తెలీదు.

చివరికి ఎనిమిది వేలు అతని చేతికి ఇవ్వలేదు. ట్యాక్సీ 4,500 డ్రైవర్‌కే ఇచ్చాను. చేతి ఖర్చుకి వెయ్యి ఇచ్చాను. రూం అద్దె సంగతి గెస్ట్‌హౌస్ ఆంటీతో మాట్లాడదామని వెళ్తే, ఆమె నవ్వి "ఢిల్లీ వెళ్ళి పంపించు" అని వాక్యం కూడా పూర్తి చేయకుండా కూరగాయల మడిలోకి వెళ్ళిపోయింది. నేను ఒక పూటంతా తలపట్టుకున్న విషయం ఆమెకు కొత్తిమీర కోసినంత పని.

ఇక ప్రయాణం. ఖర్‌దుంగ్ లా, సుమారు 17,500 అడుగులు. పది నిమిషాలకన్నా ఎక్కువ నిలబడొద్దని డ్రైవర్ తరిమాడు. అవతల దిగితే నుబ్రా లోయ, దిస్కిత్‌లో కొండమీద 100 అడుగులు దాటిన మైత్రేయ బుద్ధుడు, హుందర్‌లో మంచుకొండల కింద ఇసుక దిబ్బలు, రెండు మూపురాల ఒంటెలు. ఆ ఒంటెలు పట్టుదారి వ్యాపారుల కాలం నుంచి మిగిలిపోయినవి. మేమంతా ఒంటె ఎక్కాం. అతను ఎక్కలేదు, "నాకు ఇంట్రెస్ట్ లేదండీ" అన్నాడు. ముందురోజు ఆ ఒంటెల గురించే గంటసేపు చెప్పినవాడు.

అక్కణ్ణుంచి గమనించడం మొదలుపెట్టాను. మోమోలు ఆర్డర్ చేస్తే అతను వట్టి దాల్ అన్నం. నేను టీ ఇప్పిస్తే బోర్డింగ్ పాస్ వెనకాల పెన్నుతో ఇరవై రూపాయలు రాసుకున్నాడు. వద్దంటే వినడు. కిటికీ సీటు నాకు వదిలేశాడు, బ్యాగ్ మోస్తానన్నాడు. మా మధ్య సీట్లో 5,500 రూపాయలు కూర్చున్నాయి. ఇవ్వకముందు ఇద్దరం సమానం.

తుర్‌తుక్‌లో మాత్రం కాసేపు మర్చిపోయాడు. ష్యోక్ నది పక్కన బాల్టీల ఊరు. 1971 యుద్ధం దాకా పాకిస్తాన్ వైపు, ఆ తర్వాత మన వైపు. పర్యాటకులను రానిచ్చింది 2010 నుంచే. రాళ్ళ కాలువలు, గోధుమ మడులు, ప్రతి ఇంటి ముందూ ఆప్రికాట్ చెట్టు. ఒక ముసలాయన మా ఇద్దరి చేతుల్లో గుప్పెడు పళ్ళు పోసి డబ్బులు వద్దన్నాడు. "మా ఊళ్ళో మామిడికాయలు ఇలాగే పోస్తార్రా బాబూ" అన్నాడు ఇతను. "రా బాబూ" అన్నది నన్నే.

పాంగాంగ్ 130 కిలోమీటర్లకు పైగా పొడవు, 'త్రీ ఇడియట్స్' చివరి సీన్ తీసిన సరస్సు. ఫోటోలు మీరు చూసే ఉంటారు, నీలం నిజంగానే అంత నీలం.

బుధవారం రాత్రి లేహ్ చేరాం. అతని విమానం గురువారం పొద్దున్నే, పోస్టాఫీస్ తెరవకముందే. నేను లేచేసరికి గది ఖాళీ. తలుపు సందులో బోర్డింగ్ పాస్ ఉంది: 5,500, టీలు 80, వాళ్ళ నాన్న నెంబర్. పుణెలో ఉన్న కొడుకు గురించి లద్దాఖ్ నుంచి నేను ఫోన్ చేయనని అతనికి తెలుసు. అయినా రాశాడు.

గురువారమంతా ఏమీ రాలేదు. శుక్రవారం సాయంత్రం 5,000 వచ్చింది. మిగతాది రాలేదు, మెసేజ్ లేదు. రూంమేట్‌కి చెప్తే, "ఐదొందలు గైడ్ ఫీజనుకో" అని నవ్వాడు. శనివారం రాత్రి 580 వచ్చింది. కింద మెసేజ్: "కొత్త ఫోన్ అండీ, మొదటి 24 గంటలు 5,000 దాటనివ్వలేదు. ఆంటీకి కూడా పంపేశాను."

యూపీఐలో ఆ లిమిట్ ఉందని నాకు తెలుసు. శుక్రవారం గుర్తుకురాలేదంతే.

ఈ సెలవుల్లో కోరింగ మడ అడవులు చూడ్డానికి కాకినాడ రమ్మంటున్నాడు. వెళ్తానేమో. అతను ఇప్పటికీ నన్ను "అండీ" అనే పిలుస్తున్నాడు. "బ్రో"కి మళ్ళీ రాలేదు.